వగరు నీళ్లు: చిట్టెలుకల పేగువాపుపై కరక్కాయ ప్రయోగం, ఒక కేస్ స్టడీ

“ఆ వగరు నీళ్ల పెట్టెలకి సీసాలు నింపక్కర్నేదు బాబూ. అయ్యి తాగితే కదా!”

మా దగ్గర ఎలుకల గది చూసుకునే పెద్దాయన ఈ మాట అన్న రోజుకి ప్రయోగం ముగిసి రెండు నెలలైంది. ఎం.ఫార్మసీ చేస్తున్న అమ్మాయి థీసిస్‌లో ఫలితాల అధ్యాయం రాసేసింది. నేను చదివి సంతకం కూడా పెట్టేశాను. ఒక సదస్సుకి పోస్టర్ తయారవుతోంది. ఆయన తర్వాతి బ్యాచ్ కోసం సీసాలు కడుగుతూ పాత సంగతి గుర్తొచ్చి మాటవరసకి అన్నారు. నేను సగం విని, తలూపి బయటికొచ్చేశాను. మెట్లు దిగుతుంటే అప్పుడు వెలిగింది. ఎలుకలకి జబ్బు తెప్పించే మందు కూడా ఆ సీసాల్లోనే కలిపాం.

నేను విశాఖపట్నంలో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. మూలికల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు పేగువాపు మీద పనిచేస్తాయా అని జంతువుల్లో చూసే ప్రాజెక్టులు ఏటా ఒకటో రెండో నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. అన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి, ఫలితాలు కూడా చాలావరకు ఒకే అచ్చులో వస్తాయి. మూలిక పనిచేసింది, ఎక్కువ డోసు ఇంకా బాగా పనిచేసింది. ఈ కేసు కూడా మొదట అలాగే ముగిసింది. ఎక్కడ తప్పు చేశామో, ఎలా బయటపడిందో, రెండోసారి చేస్తే ఏమైందో రాస్తున్నాను. తప్పులో పెద్ద వాటా నాదే. ప్రోటోకాల్ దిద్దింది నేను.

జబ్బు, దాని నకలు

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ (పేగువాపు జబ్బు) అంటే ప్రధానంగా రెండు జబ్బులు: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. మొదటిది పెద్దపేగు లోపలి పొరకి పరిమితం. రెండోది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందం మొత్తం పట్టుకుంటుంది. రెండూ ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉండేవే. వాపు ఉన్న చోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపుగా చేరి, ఆక్సిజన్ రాడికల్స్ అనే చురుకైన అణువుల్ని వదులుతాయి. అవి పక్కనున్న మంచి కణాల్ని కూడా కాల్చేస్తాయి. కాబట్టి ఆ రాడికల్స్‌ని పట్టేసే యాంటీఆక్సిడెంట్ ఇస్తే వాపు తగ్గాలి కదా అన్నది ఈ ప్రాజెక్టులన్నింటి వెనక ఉన్న తర్కం. వినడానికి బాగుంటుంది.

జంతువుల్లో ఈ జబ్బు దానంతటది రాదు, తెప్పించాలి. ఎలుక మలద్వారం గుండా 4 శాతం ఎసిటిక్ యాసిడ్ ఎక్కించడం చవక పద్ధతి. అది నిజానికి రసాయనంతో కాల్చడమే, కొద్ది రోజుల్లో దానంతటదే మానుతుంది. ఆల్కహాల్‌లో కలిపిన టీఎన్‌బీఎస్ అనే రసాయనం ఎక్కించడం ఇంకో పద్ధతి. మేం ఎంచుకున్నది డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం, అందరూ డీఎస్ఎస్ అంటారు. 1990లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని చిట్టెలుకల్లో వాడి చూపించినప్పటి నుంచి ప్రపంచమంతా పాకింది. తాగేనీళ్లలో 2 నుంచి 5 శాతం కలిపి ఐదు నుంచి ఏడు రోజులు పెడితే చాలు. పేగు లోపలి పొర దెబ్బతిని, బ్యాక్టీరియా లోపలికి చొరబడి, విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం వరసగా మొదలవుతాయి. సూది అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. ఖరీదు మాత్రం గుండె ఆగేంత ఉంటుంది.

ఈ పద్ధతికి ఉన్న సుఖమే దాని గోతి కూడా. ఎలుక ఎంత తాగితే అంత జబ్బు.

ఇంకోటి కూడా ముందే చెప్పుకోవాలి. ఇమ్యూనిటీని నడిపే టీ కణాలూ బీ కణాలూ లేని ఎలుకలకి కూడా డీఎస్ఎస్‌తో ఈ వాపు వస్తుంది. అంటే ఇది ముఖ్యంగా పొర దెబ్బతిని, మళ్లీ మానే కథ. మనిషి రోగంలో ఉండే దీర్ఘకాల ఇమ్యూనిటీ గొడవ ఇందులో అంతగా కనిపించదు.

కరక్కాయ ఎందుకు

ఏజెన్సీలో కరక్కాయకి కొదవ లేదు. ఉత్తరాంధ్ర అడవుల్లో ఏరిన కాయల్ని గిరిజన సహకార సంస్థ కొంటుంది. దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే. పూర్ణా మార్కెట్‌లో మూలికల కొట్టుకి వెళ్తే ఎండుకాయ కిలోల లెక్కన దొరుకుతుంది. మేం అక్కడే కొని, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో గుర్తు పట్టించి, పెచ్చు మాత్రం దంచి, ఆల్కహాల్, నీళ్ల మిశ్రమంలో నానబెట్టి సారం తీశాం. ముదురు గోధుమరంగు ముద్ద వచ్చింది. మన సముద్రపు గాలికి ఆ ముద్ద పొడిగా నిలవదు. డెసికేటర్ మూత సరిగ్గా పడకపోతే తెల్లారేసరికి బెల్లంపాకంలా జారుతుంటుంది.

అమ్మాయి ముందు దాని యాంటీఆక్సిడెంట్ శక్తి చూసే డీపీపీహెచ్ పరీక్ష చేసింది. ఊదారంగు ద్రావణంలో ఒక చుక్క సారం వేస్తే చూస్తుండగానే పసుపుగా మారిపోయింది. “సార్, విటమిన్ సి కంటే ఫాస్ట్‌గా ఉంది” అని ఎగిరి గంతేసింది. కరక్కాయలో వగరునిచ్చే టానిన్లు ఉన్నన్నింటికి అది మారకపోతే ఆశ్చర్యపోవాలి. గాజు గొట్టంలో రంగు మారినంత మాత్రాన పేగులో ఏదో జరుగుతుందని కాదని అప్పుడే చెప్పాను. కరక్కాయలోని పెద్దపెద్ద ఎలాజిటానిన్ అణువులు యథాతథంగా రక్తంలోకి వెళ్లేవి కావు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని విడగొట్టి యూరోలిథిన్లు అనే చిన్న అణువులు చేస్తుంది. పనిచేస్తే గిస్తే అవి పనిచేయాలి. ఇంత చెప్పినవాణ్ణి అసలు చోట నోరు మూసుకున్నాను.

మొదటి ప్రయోగం

జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతితో 30 స్విస్ చిట్టెలుకలు తీసుకున్నాం, ఒక్కోటి 22 గ్రాముల అటూఇటూ. ఆరేసి చొప్పున ఐదు గ్రూపులు. ఆరోగ్యంగా ఉంచినవి ఒకటి, డీఎస్ఎస్ మాత్రమే ఇచ్చినవి ఒకటి, డీఎస్ఎస్‌తో పాటు సల్ఫాసలజీన్ ఇచ్చినవి ఒకటి, డీఎస్ఎస్‌తో పాటు కరక్కాయ సారం ఒంటి బరువు కిలోకి 200 మిల్లీగ్రాముల లెక్కన ఒకటి, 400 లెక్కన ఒకటి. పెట్టెకి మూడేసి ఎలుకలు, కింద ఊక. ఏడు రోజులు 2.5 శాతం డీఎస్ఎస్. ఎనిమిదో రోజు ముగింపు.

సల్ఫాసలజీన్‌ని పోలికకి పెట్టడం మామూలే. 1940ల మొదట్లో స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే డాక్టర్ వెలుగులోకి తెచ్చిన మందు, ఈ జబ్బుకి వాడతారు. దాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా రెండు ముక్కలు చేస్తేనే పనిచేసే భాగం బయటికొస్తుంది. మేం దాన్ని ఫీడింగ్ నీడిల్ అనే మొండి గొట్టంతో నోట్లో పోశాం. కరక్కాయ దగ్గరికొచ్చేసరికి అమ్మాయి అడిగింది: “సార్, రోజూ నీడిల్ వేస్తే వాటికి స్ట్రెస్. ఎలాగూ డీఎస్ఎస్ నీళ్లలోనే ఇస్తున్నాం కదా, సారం కూడా అందులోనే కలిపేస్తే?”

ఆలోచన మంచి మనసుతో వచ్చిందే. చిట్టెలుక రోజుకి దాదాపు 5 మిల్లీలీటర్లు తాగుతుందని లెక్కేసి, తక్కువ డోసు గ్రూపుకి మిల్లీలీటరుకి 0.9 మిల్లీగ్రాములు, ఎక్కువ డోసుకి దానికి రెట్టింపు కలిపాం. నేను సరే అన్నాను. ఎలుక ఆ నీళ్లు తాగుతుందా లేదా అన్న ప్రశ్న ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఫలితాలు పాఠ్యపుస్తకంలో బొమ్మల్లా వచ్చాయి. డీఎస్ఎస్ మాత్రమే ఇచ్చినవి ఐదో రోజుకి ఒళ్లు ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని, తోక కింద తడిగా ఉన్నాయి. 200 గ్రూపు కాస్త నయం. 400 గ్రూపులో రెండు మూడు ఎలుకలు మామూలుగా తిరుగుతున్నాయి. రోజూ వేసే జబ్బు మార్కులు (బరువు, మలం గట్టిదనం, రక్తం, మూడింటికీ కలిపి) మెట్లుమెట్లుగా తగ్గాయి. కోసి చూస్తే పెద్దపేగు పొడవు కూడా అదే వరస. వాపు వస్తే చిట్టెలుక పెద్దపేగు కుంచించుకుపోతుంది, అందుకే పొడవు కొలుస్తారు. కణజాలంలో గ్లూటాథయోన్ (ఒంట్లోనే తయారయ్యే యాంటీఆక్సిడెంట్) పెరిగింది, ఎండీఏ (కొవ్వు ఆక్సీకరణకి గుర్తు) తగ్గింది. సల్ఫాసలజీన్ కంటే కరక్కాయే మేలన్నట్టు తేలింది. అక్కడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, సంతోషమొచ్చింది.

నోట్‌బుక్‌లో ఉన్నదే

పెద్దాయన మాట విన్న సాయంత్రం అమ్మాయి రోజువారీ నోట్‌బుక్ తెప్పించుకున్నాను. నీళ్ల లెక్క విడిగా రాయలేదు. కానీ ఏ పెట్టె సీసాలో ఎంత కలిపి పోసిందీ, మర్నాడు పారబోసేటప్పుడు ఎంత మిగిలిందీ అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంది. డీఎస్ఎస్ ఖరీదని వృథా లెక్క కోసం రాసుకున్న అంకెలవి. అవి కూడితే సగటున డీఎస్ఎస్ మాత్రమే ఇచ్చిన ఎలుక రోజుకి 5 మిల్లీలీటర్లు తాగింది. 200 గ్రూపు 4.2. 400 గ్రూపు 3.2.

ఏడు రోజులకి లెక్కేసి చూడండి. మొదటి గ్రూపు ఎలుక ఒంట్లోకి 875 మిల్లీగ్రాముల డీఎస్ఎస్ వెళ్లింది, గ్రాము బరువుకి 40 మిల్లీగ్రాములు. 200 గ్రూపుకి 33. 400 గ్రూపుకి 25 మాత్రమే. మేం “డోసు పెరిగేకొద్దీ గుణం పెరిగింది” అని గ్రాఫు గీశాం. నిజానికి పెరిగింది వగరు. వగరు పెరిగేకొద్దీ తాగడం తగ్గింది, తాగడం తగ్గేకొద్దీ జబ్బు తగ్గింది. పైగా 400 అనుకున్న గ్రూపుకి 400 అందనే లేదు.

అదే పేజీలో బరువుల పట్టీ చూస్తే ఇంకో గుర్తు కనబడింది. డీఎస్ఎస్‌తో బరువు తగ్గడం నాలుగైదు రోజులకి గాని మొదలవదు. 400 గ్రూపు మాత్రం రెండో రోజుకే ఒక గ్రాము దిగి, తర్వాత అక్కడే నిలబడింది. రెండో రోజుకే బరువు దించేంత వాపు రాదు. అది దాహం. ఆ అంకె మీద నుంచి నేను కనీసం రెండుసార్లు కళ్లు పరిగెత్తించాను, ఎర్ర ఇంకుతో టిక్కు కూడా పెట్టాను.

మర్నాడు డీఎస్ఎస్ లేకుండా, మంచినీళ్లలో అదే మోతాదు సారం కలిపి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత నాలుక పక్కలు లాగేసినట్టై, పచ్చి అరటికాయ కొరికినట్టు నోరెండిపోయింది. ఆ నీళ్లు వారం రోజులు తాగమంటే నేనూ మానేసేవాణ్ణి. అమ్మాయి చేత కూడా వేయించాను. ముఖం చిట్లించుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “పోస్టర్ వద్దులెండి సార్” అంది.

కొలబద్దలకీ వగరు అంటింది

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది నీళ్ల సీసా కథగానే మిగిలేది. మిగతా కొలతల్ని కూడా అనుమానంగా చూడటం మొదలుపెట్టాక ఇంకా బయటపడ్డాయి. యాంటీఆక్సిడెంట్ల విషయంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఈ రంగంలో మనం వాడే పరీక్షల్లో చాలావరకు ఆక్సిడేషన్ మీద ఆధారపడ్డవే. మనం పరీక్షించే పదార్థమేమో ఆక్సిడేషన్‌ని ఆపేది. అది శాంపిల్‌లో కాస్త మిగిలినా చాలు, జబ్బుని తాకకుండానే జబ్బు కొలతని మార్చేయగలదు.

మలంలో రక్తం సంగతే చూడండి. మేం వాడింది గ్వాయాక్ పరీక్ష. గ్వాయాక్ అనే చెట్టు జిగురు పట్టించిన కాగితం మీద మలం రాసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, రక్తంలోని హీమ్ సాయంతో గ్వాయాక్ ఆక్సీకరణ చెంది నీలంగా మారుతుంది. మనుషుల్లో ఈ పరీక్షకి ముందు మూడు రోజులు విటమిన్ సి రోజుకి 250 మిల్లీగ్రాములు దాటి తీసుకోవద్దని చెబుతారు. ఎందుకంటే అది ఆ ఆక్సీకరణని అడ్డుకుంటుంది, రక్తం ఉన్నా కాగితం నీలం కాదు. మరి కరక్కాయ తాగిన ఎలుక మలం మాటేమిటి? అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. 400 గ్రూపులో ఒక ఎలుక తోక మొదట్లో సన్నటి ఎర్రటి గీత కంటికి కనబడింది, కాగితం మాత్రం నీలం కాలేదు. “పరీక్షే కరెక్ట్ అనుకుని సున్నా వేశాను సార్.” మేం పలచన చేసిన రక్తపు చుక్కకి సారం కలిపి, కలపకుండా, రెండు కాగితాల మీద వేసి చూశాం. కలపనిది వెంటనే నీలమైంది. కలిపినది మెల్లగా, మబ్బుగా, చూసేవాళ్లకి అనుమానం వచ్చేలా మారింది.

ఎండీఏ పరీక్ష ఇంకో రకం. పేగు కణజాలం నూరి, థయోబార్బిట్యురిక్ యాసిడ్ కలిపి, దాదాపు మరిగే వేడిలో గంటసేపు ఉంచితే గులాబీ రంగు వస్తుంది. దాన్ని 532 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఆ గంట వేడిలో గొట్టంలోనే కొత్తగా కొవ్వు ఆక్సీకరణ జరుగుతుంది. కణజాలానికి కరక్కాయ అంటుకుని ఉంటే ఆ గొట్టంలో అది ఆగిపోతుంది, పక్క గొట్టంలో ఆగదు. రంగు తేడా వస్తుంది, ఎలుక బతికుండగా ఏ తేడా లేకపోయినా సరే. అందుకే అన్ని గొట్టాల్లోనూ ముందే ఆక్సీకరణని ఆపే బీహెచ్‌టీ కలిపి ఆ గొడవని అణచాలి. మా ప్రోటోకాల్‌లో ఆ మాట లేదు. పాత థీసిస్ నుంచి దించుకున్నాం, అందులోనూ లేదు.

గ్లూటాథయోన్ సంగతి రంగుకి సంబంధించింది. దాన్ని కొలవడానికి కలిపే ఎల్‌మన్ రియేజెంట్ ఇచ్చే పసుపు రంగుని 412 నానోమీటర్ల దగ్గర చదువుతాం. కరక్కాయ సారం తనంతట తనే గోధుమరంగు, ఆ చోట కాస్త కాంతిని మింగుతుంది. రియేజెంట్ కలపని శాంపిల్‌ని విడిగా చదివి, ఆ అంకెని తీసేస్తే సరిపోయేది. పసుపు కొమ్ము మీద పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో ఉండే కర్కుమిన్ సరిగ్గా 420, 430 మధ్యే గట్టిగా కాంతిని పట్టుకుంటుంది. కర్కుమిన్ ఇచ్చిన ఎలుకల్లో గ్లూటాథయోన్ పెరిగిందని ఎవరైనా గ్రాఫు చూపిస్తే నేనిప్పుడు మొదట అడిగేది పేగుని ఎన్నిసార్లు కడిగారని. మేం ఒక్కసారి కడిగాం.

పేగు పొడవు మాట కూడా చెప్పాలి. తడిసిన పేగు రబ్బరులా సాగుతుంది. స్కేలు పక్కన పరిచేటప్పుడు వేలు ఎంత నొక్కితే అంత పొడవు. కొలిచిన అమ్మాయికి ఏ పేగు ఏ గ్రూపుదో తెలుసు. మోసమని కాదు, ఆశ చేతి వేళ్లలోకి దిగుతుంది.

రెండోసారి

రెండోసారి అనుమతికి వెళ్తే కమిటీలో ఒకరు అడిగిన మొదటి ప్రశ్న: “మరి ఆ 30 ఎలుకలు దేనికి చచ్చిపోయినట్టు?” నా దగ్గర జవాబు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. తక్కువ డోసు గ్రూపు తీసేసి, గ్రూపుకి ఎనిమిది చొప్పున ఆరు గ్రూపులకి, 48 ఎలుకలకి ఒప్పుకున్నారు.

ఈసారి డీఎస్ఎస్ నీళ్లలో డీఎస్ఎస్ తప్ప ఏమీ లేదు. సారం ఫీడింగ్ నీడిల్‌తోనే ఇచ్చాం. సారం అందని గ్రూపులకి కూడా అదే నీడిల్‌తో ఉత్త ద్రావణం పోశాం, పట్టుకునే కష్టం అందరికీ సమానంగా ఉండాలని. డీఎస్ఎస్ లేకుండా కరక్కాయ మాత్రమే ఇచ్చే గ్రూపు ఒకటి కొత్తగా పెట్టాం. ఇంకో గ్రూపుకి కరక్కాయ ఐదో రోజు నుంచి, అంటే జబ్బు కంటికి కనబడ్డాక మొదలుపెట్టాం. ఏడు రోజులు డీఎస్ఎస్, తర్వాత మూడు రోజులు మంచినీళ్లు, పదో రోజు ముగింపు.

ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి. దాంతో ఒక పెట్టెలో ఉన్నవాటి పేగు బ్యాక్టీరియా ఒకేలా తయారవుతుంది. పెట్టెకీ పెట్టెకీ తేడా మందు తేడాలా కనబడే ప్రమాదం ఉంది. కరక్కాయ లాంటిది బ్యాక్టీరియా విడగొడితేనే పనిచేసేదైతే ఇది ఇంకా ముఖ్యం. అందుకని మొదలుపెట్టే ముందు వారం రోజులు అన్ని పెట్టెల పాత ఊక కలిపి మళ్లీ అన్నింటికీ పంచాం. ఒక పెట్టెలో రెండేసి ఎలుకలు, ఒక్కో గ్రూపుకి నాలుగు పెట్టెలు.

సీసాలు రోజూ ఉదయం ఎనిమిదింటికి తూకం వేశాం. ఎలుకల్లేని ఖాళీ పెట్టెకి కూడా ఒక సీసా తగిలించాం, కారేదీ ఆవిరయ్యేదీ ఎంతో తెలియాలి కదా. తూకం బాధ్యత పెద్దాయన తీసుకున్నారు. ఆయనకి ఏ పెట్టె ఏ మందుదో తెలియదు, పెట్టెల మీద అంకెలే ఉన్నాయి. పేగు పొడవు కొలిచింది వేరే విద్యార్థి, గాజుపలకల మీద కణజాలం చదివిన పెథాలజిస్టుకి కూడా అంకెలే ఇచ్చాం. మధ్యలో రెండు రోజులు ఏసీ మొరాయించింది. గదిలో తేమ 70 శాతం దాటకుండా చూడటానికి నానా తంటాలు పడ్డాం. మే నెల విశాఖ గురించి కొత్తగా చెప్పేదేముంది.

ఏం తేలింది

నీళ్లు అన్ని డీఎస్ఎస్ గ్రూపులూ దాదాపు సమానంగానే తాగాయి, 4.6 నుంచి 5 మధ్య. అది చూశాకే మిగతా అంకెలు చూశాం.

డీఎస్ఎస్ మాత్రమే ఇచ్చినవాటి గ్రాఫు, మొదటి నుంచీ కరక్కాయ ఇచ్చినవాటి గ్రాఫు ఆరో రోజు దాకా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఏడు, ఎనిమిది రోజుల్లో కరక్కాయ గీత కొంచెం కిందికి జరిగింది. పేగు పొడవులో చెప్పుకోదగ్గ తేడా లేదు. న్యూట్రోఫిల్స్ లెక్క చెప్పే ఎమ్‌పీవో ఎంజైమ్ కాస్త తక్కువ. కానీ అది కూడా పెరాక్సైడ్ మీద నడిచే పరీక్షే, కాబట్టి గట్టిగా పట్టుకోను. పెథాలజిస్టు మార్కుల్లో తేడా కనబడలేదు. జబ్బు వచ్చాక మొదలుపెట్టిన గ్రూపులో ఏ గుణమూ లేదు. సల్ఫాసలజీన్ మొదటిసారి చేసినంతే చేసింది, కొద్దిగా.

అన్నింటికంటే నన్ను ఆపింది జబ్బు లేకుండా కరక్కాయ మాత్రమే తీసుకున్న గ్రూపు. మూడో రోజుకి వాటి మలం మెత్తబడింది. జబ్బు మార్కుల్లో మలం మెత్తదనానికి మార్కు ఉంది, దాని ప్రకారం ఆరోగ్యంగా ఉన్న ఎలుకకి ఒక మార్కు జబ్బు పడింది! కరక్కాయ మెల్లగా విరేచనం చేయిస్తుందని మన నాయనమ్మలకి తెలుసు, త్రిఫలా చూర్ణం రాత్రి పూట వేసుకునేది ఎందుకు మరి. మొదటి ప్రయోగంలో ఆ గ్రూపు లేదు కాబట్టి ఇది కనబడే దారే లేదు. అంటే ఒకే సారం ఒక మార్కుని పైకి తోస్తుంది, ఇంకో మార్కుని, అంటే రక్తం పరీక్షని, కిందికి లాగుతుంది. కూడిక చేసి సగటు తీసి గ్రాఫు గీస్తే ఏది ఎంతో దేవుడికే తెలియాలి. అందుకే రెండోసారి రక్తాన్ని కంటితో చూసిన మార్కు వేరుగా, గ్వాయాక్ మార్కు వేరుగా రాశాం.

ఒక్క ప్రయోగంతో కరక్కాయ పనికిరాదని నేను అనను. మా సారం, మా డోసు, మా ఎలుకలు, డీఎస్ఎస్ మోడల్, ఇంతవరకే నేను మాట్లాడగలను. ముందు నుంచీ ఇస్తే ఏదో కొంచెం ఉండొచ్చు. జబ్బు ముదిరాక ఏమీ కనబడలేదు. రోగి మన దగ్గరికి వచ్చేది జబ్బు వచ్చాకే.

మనుషుల సంగతి

ఈ ప్రాజెక్టు గురించి విన్న బంధువులు ఒకరు ఫోన్ చేసి, వాళ్లబ్బాయికి అల్సరేటివ్ కొలైటిస్, కరక్కాయ పొడి మొదలుపెట్టమంటారా అన్నారు. వద్దన్నాను. చిట్టెలుకకి కిలోకి 400 అంటే, శరీర ఉపరితలం లెక్కన మనిషికి కిలోకి దాదాపు 32 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి 2 గ్రాముల సారం. సారం అంటే పొడి కాదు, దానికి అంతకంటే ఎక్కువ కాయ కావాలి. రోజుకి అంత కరక్కాయ, అసలే విరేచనాలతో ఉన్న మనిషికి!

మూలికలంటే నాకు చులకన లేదు. 2006లో జపాన్‌లో 89 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగులతో ఆరు నెలలు చేసిన పరీక్షలో, మామూలు మందులతో పాటు రోజుకి 2 గ్రాముల కర్కుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికి జబ్బు తిరగబెట్టింది. మందు లేని ఉత్త గోళీ తీసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి. అక్కడ గమనించాల్సింది “మామూలు మందులతో పాటు” అన్న మాట. నేలవేము సారంతో 2013లో వచ్చిన 224 మంది పరీక్షలో రోజుకి 1,800 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి గుణం కనబడితే, ఉత్త గోళీ వాళ్లలో కూడా 40 శాతం మందికి కనబడింది. ఎలుకల గ్రాఫులో ఈ 40 శాతం ఎప్పుడూ కనబడదు. ఆ అబ్బాయిని కేజీహెచ్ పెద్దాసుపత్రిలో గానీ, తెలిసిన గ్యాస్ట్రో డాక్టర్‌కి గానీ చూపించమని, వాడుతున్న మందు ఆపొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.

థీసిస్

మొదటి ప్రయోగాన్ని దాచలేదు. అమ్మాయి రెండింటినీ పక్కపక్కనే రాసింది, మొదటిదాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోకూడదో ఒక అధ్యాయం పెట్టింది. పోస్టర్ వెనక్కి తీసుకున్నాం. చదువు ఒక సెమిస్టర్ ఆలస్యమైంది, ఇంట్లోవాళ్లు నా మీద బాగానే కోప్పడ్డారని తెలిసింది. వాళ్ల కోపం న్యాయమే.

వైవాకి వచ్చిన బయటి ఎగ్జామినర్ మొదటి పట్టికే నీళ్లది కావడం చూసి, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, “కరక్కాయ థీసిస్ అన్నారు, ఇదంతా నీళ్ల గొడవేంటమ్మా?” అని అడిగారు. అమ్మాయి సంచిలోంచి చిన్న సీసా తీసి, “ఒక చుక్క నాలుక మీద వేసుకోండి సార్, చెబుతాను” అంది. ఆయన వేసుకున్నారు. కాసేపాగి మంచినీళ్లు అడిగారు.